మసక రంగు ఫోల్డర్లు

ఐదేళ్ల కిందట ఏలూరులో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. పెదపాడు బడిలో టీచరైన మా ఆవిడ అందులో పిల్లల కోసం నలభై పాఠాలు టైపు చేసి పెట్టుకుంది.

ఓ వేసవి సాయంత్రం నేను ఫోల్డర్ల సైజులన్నీ కాగితం మీద కూడితే, డిస్కులో నిండిన చోటుకంటే బాగా తక్కువ వచ్చింది. దాచిన ఫోల్డర్లను చూపించే ఆప్షన్ పెట్టగానే మసక రంగులో కొన్ని బయటపడ్డాయి. మేం పెట్టినవి కావు కదా అని తీసేశాను. కంప్యూటర్ మళ్లీ ఆన్ కాలేదు.

"దాన్ని నడిపేవే అవండీ! డిస్కంతా తుడిచేయాల్సి వచ్చింది" అన్నాడు మెకానిక్.

"ఏవండీ, ఇప్పుడు సరిపోయిందా మీ లెక్క?" అంది మా ఆవిడ.

నా కూడిక సరైనదే. తెలియనిదాన్ని చెత్త అనుకోవడమే తప్పు. సెలవులంతా పోయిన పాఠాలను ఆవిడ గుర్తుచేసుకుని చెబుతుంటే నేను టైపు చేశాను. ముప్పై ఒక్క పాఠాలు తిరిగొచ్చాయి. మిగిలిన తొమ్మిదీ ఆవిడకూ గుర్తురాలేదు.