మార్చవలసిన ఒక్క రోజు

"గీయొద్దంటే గీయొద్దు" అన్నాను నేను.

"నీకేం నొప్పి? నా ఊరి మీదికెల్లి కాలువ తెస్తే నీ పొలంల నీళ్లేమన్న తక్కువైతయా?" అన్నది మా అక్క.

"కాయిదం మీద కాలువ తవ్వి ఏం జేస్తవు? వరి ఏస్తవా?"

"ఏస్త. నువ్వు యాభై ఏండ్లు నిజం వరి ఏసుకున్నవు. నన్ను కాయిదం మీదనన్న ఏసుకోనీయి."

మా ఇద్దరి మధ్య నేల మీద నా మనవరాలు బోర్లా పడుకుని, పెన్సిలు ఎత్తి పట్టుకుని, ఎవరి మాట నెగ్గుతుందా అని చూస్తోంది. సూర్యాపేటలో మా కొడుకు ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగిన సంగతి ఇది. అక్క కంటి పరీక్షకని మోతె వైపు నుంచి వచ్చి రెండు రోజులయింది. మర్నాడు పొద్దున వెళ్లిపోవాలి.

నా మనవరాలు డిగ్రీ చదువుతోంది. జరగని చరిత్రకు పటాలు గీయడం ఆ పిల్లకు పిచ్చి. ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కకపోయి ఉంటే ప్రపంచం ఎలా ఉండేదో ఒక పటం గీసింది. అందులో ఆఫ్రికాలో స్కేలు పెట్టి కొట్టిన గీత ఒక్కటీ లేదు. సరిహద్దులన్నీ నదుల వెంట వంకరటింకరగా పోతాయి. ఇంకో పటంలో నిజాం కోస్తా జిల్లాలు ఇంగ్లీషువాళ్లకు ఇచ్చుకోలేదట, బందరు దాకా మన రంగే పూసింది. అప్పుడు కోదాడ సరిహద్దు ఊరు కాదు, నట్టనడుమ ఊరట. నేను చదివింది మూడో తరగతి. పటంలో నీలం సముద్రమని తెలుసు, అంతే. జరగని దానికి కొత్త కాగితం దండగని పాత క్యాలెండర్ల వెనకవైపు వాడుకొమ్మన్నాను. రంగులు కూడా పల్చగా పూయమన్నాను.

ఆ పిల్లకు ఒక నియమం ఉంది. ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. చరిత్రలో ఒకే ఒక్క రోజు మార్చాలి, మిగిలినవన్నీ దాని వెంట వాటంతట అవే మారాలి. అందుకే అక్కను అడిగింది:

"పెద్ద నానమ్మా, కాలువ తెస్త. కని ఏ రోజు మార్చాలె?"

"మా నాయిన నోరు తెరిసి నిజం చెప్పిన రోజు ఒకటి పెట్టు" అన్నది అక్క.

ఈ మాట తెలియాలంటే మా కాలం సంగతి చెప్పాలి. సాగర్ కాలువ తవ్వుతున్న రోజులవి. కాలువ ఎటు రాబోతుందో అటు సర్వేవాళ్లు సున్నం పూసిన రాళ్లు పాతుకుంటూ పోయేవారు. మాది తుంగతుర్తి దగ్గర పల్లె, జొన్నలు తప్ప పండని నేల. ఆడపిల్లల తండ్రులు సంబంధం అనగానే, రాళ్లు పడ్డాయా అని అడిగేవారు. మా నాయన బండి కట్టుకుని పోయి, మోతె అవతల ఒక పల్లెలో పిల్లవాడి చేను గట్టున రాయిని చేత్తో తాకి చూసి వచ్చి, అక్క పెళ్లి ఖాయం చేశాడు. కాలువ రాలేదు. కింద కోదాడ వైపు పోయింది. అక్క బావి తోడుకుంటూ బతికింది. నా పెళ్లప్పుడు నాయన రాళ్లను నమ్మలేదు. మిర్యాలగూడ పోయి, పారే కాలువలో మోకాటి లోతు దిగి నిలబడి, ఆ తరువాతే మాట ఇచ్చాడు.

పెళ్లికి ముందే ఆ రాళ్లు పీకేశారని అక్కకు కాపురానికి వెళ్లాక తెలిసింది. ఆనాటి నుంచి ఆమెది ఒకటే మాట. నాయనకు తెలుసు, సంబంధం తప్పితే పరువు పోతుందని భయపడి, తెలిసే ఇచ్చాడని. నాయన పోయినప్పుడు వచ్చి అరుగు మీదే కూర్చుని వెళ్లిపోయింది. ఆమె ఇంట్లో ఆయన ఫొటో లేదు.

"ముత్తాతకు నిజంగ తెల్వకపోతేనో?" అని మనవరాలు అడిగింది.

"ఊరందరికి తెలుసు. ఆయనొక్కనికి తెల్వదా?"

నేను లేచి లోపలికి పోయాను. ఏరిన బియ్యమే మళ్లీ చేటలో పోసుకుని ఏరాను. మడతపెట్టిన బట్టలు విప్పి మడతపెట్టాను. చేతులు ఊరుకోలేదు.

నాయనకు తెలియదు. నాకు తెలుసు. పెళ్లికి నెల ముందు నేను మోతెలో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. నేను ఆమె మేకల వెంట తిరుగుతుంటే, ఖాకీ నిక్కర్ల మనుషులు గడ్డపారలతో రాళ్లు పెకిలించి బండికెత్తుతున్నారు. ఎందుకని అడిగితే, కాలువ ఇటు రాదు పిల్లా అన్నారు. ఇంటికొచ్చాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. చెప్పలేదు. అక్క పెళ్లికని నాకు పట్టులంగా కుట్టించారు. అంతకుముందు నాకు కొత్త బట్ట లేదు, అన్నీ అక్క విడిచినవే. పెళ్లి ఆగితే లంగా పెట్టెలోకి పోతుందనుకున్నాను.

తరువాత చెప్పడానికి వీలు చిక్కలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఏడాదికి రెండుసార్లు కలుసుకునేవాళ్లం. వీలు ఎందుకు చిక్కలేదు?

సాయంత్రానికి మనవరాలు పటం పూర్తి చేసింది. మోతె మీదుగా నీలం గీత. దాని కింద పొలాలు పచ్చగా, ఈసారి నేను చెప్పినా వినకుండా చిక్కగా పూసింది. మూలన మార్చిన రోజు రాయడానికి గడి ఖాళీగా ఉంచింది. అక్క అద్దాలు పెట్టుకుని ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. తన చేను ఎక్కడని అడిగి, అక్కడ వేలు ఆపింది. మనవరాలు నా వైపు తిరిగి, "నానమ్మా, నువ్వు చెప్పు. ఏ రోజు రాయాలె?" అన్నది. పొయ్యి మీద పాలున్నాయని లేచాను. పాలు లేవు.

మర్నాడు పొద్దున బస్టాండుకు నేనే తోడు వెళ్లాను. ఖమ్మం బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం.

"అక్కా, నాయినకు తెల్వదు" అన్నాను. "రాళ్లు పీకుతుంటే సూసింది నేను. ఇంట్ల చెప్పలె."

"ఎందుకు చెప్పలె?"

లంగా సంగతి చెప్పాను. బస్సు వచ్చింది. అక్క ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, సంచి పక్క సీట్లో పెట్టుకుంది. నేనూ ఎక్కాను. అక్క సంచి తీయలేదు. వెనక సీట్లో కూర్చున్నాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గాని, చూపించడానికి నా ఆధార్ కార్డు ఇంట్లో ఉండిపోయింది. మోతెకు టికెట్ కొన్నాను. మోతెలో ఇద్దరం దిగాం.