మొక్కజొన్న చేనులో తిట్ల పెట్టె

డుంబ్రిగుడ అవతల కొండవాలులో నేను అద్దెకున్న ఇంటావిడ నోరంటే కోతులకు హడల్. మొక్కజొన్న పొత్తులు పాలుపోసుకునే రోజుల్లో ఆవిడ మంచె ఎక్కి, "సచ్చినోడా, లెగు! బేగి లెగు! మెక్కింది సాల్లేదేటి?" అని కేక పెట్టేది. ఆ కేకకి కోతులు అడవిలోకి పరిగెత్తేవి. మంచె కింద నిద్రపోతున్న ఆవిడ భర్త ఉలిక్కిపడి లేచేవాడు. తిట్లు ఉమ్మడివి. ఎవరికి తగిలితే వారివి.

ఆ ఏడు పాడేరులో ఉన్న కూతురికి తొలికాన్పు దగ్గరపడింది. వెళ్లాలి. వెళ్తే చేను ఎవరు కాయాలి?

"ఈ మడిసిని నమ్మి ఒగ్గేసి ఎల్లనా? కోతులు ఈయన మీదే కూకోని తింటాయి మేస్టారూ" అంటూ కళ్లొత్తుకుంది. ఆవిడ కంట్లో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తాను. నాకు కోపం ఎక్కువ, నా పనిమీద గర్వం ఇంకా ఎక్కువ. "మీరు వెళ్లండమ్మా. మీ గొంతు ఇక్కడే ఉంటుంది" అనేశాను.

రికార్డింగ్ తేలిగ్గా కాలేదు. ఎదురుగా ఎవరూ లేకపోతే ఆవిడకి తిట్లు రావు. చివరికి భర్తని ఎదురుగా కూర్చోబెట్టాం. పాపం, తల వంచుకుని పూర్తిగా సహకరించాడు.

పెట్టెలో స్పీకరు, తిట్లు దాచుకుని ఉండుండి వాటంతటవే వినిపించే చిన్న బోర్డు. పక్కన సోలార్ పలక, పన్నెండు వోల్టుల బ్యాటరీ. బోర్డుకి కావాల్సింది ఐదు వోల్టులే. పన్నెండుని ఐదుకి దించడానికి మొదట లీనియర్ రెగ్యులేటర్ పెట్టాను. గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. కానీ ఆ రెగ్యులేటర్ మహాతల్లి మిగతా ఏడు వోల్టుల్నీ వేడి చేసి పారబోసింది. నా వేలు కాలింది. మధ్యాహ్నానికే బ్యాటరీ పడుకుంది.

అది పీకేసి స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టాను. ఇది కరెంటుని తెంపుతూ, కలుపుతూ దించుతుంది కాబట్టి వేడెక్కదు. బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచింది. కానీ తిట్లు లేని వేళ దానికి చేతినిండా పని ఉండదు. అప్పుడది ఆగి ఆగి పనిచేస్తుంది. ఆ ఆగడం స్పీకర్లోంచి "కుయ్యి" అని వినిపించేది. స్పీకరు మేల్కోగానే కుయ్యి, ఆ వెనక తిట్టు.

మొదట్లో కోతులు పారిపోయాయి. తర్వాత ఒక ముసలి కోతి కదలకుండా కూర్చుని వింది. కుయ్యి అనగానే పెట్టె వైపు చూసింది. తిట్టు పూర్తయ్యేదాకా ఆగి, తీరిగ్గా పొత్తు ఒలుచుకుంది. సాయంత్రానికి ఒక పిల్లకోతి పెట్టె తీగ పట్టుకుని ఊగుతోంది. ఒళ్లు మండి చెప్పు విసిరాను. అదీ పట్టుకుపోయాయి.

ఇంటావిడ సర్దుకున్న సంచీ విప్పేసింది. "నానెల్లను మేస్టారూ. మీ కరెంటు సంగతి కోతులకి తెలిసిపోనాది."

కాలేజీలో ఎవరూ నన్ను ఇంతమాట అనలేదు. అన్నం కూడా తినకుండా కూర్చుని రెండింటినీ కలిపాను. ముందు స్విచింగ్‌ది పన్నెండుని ఏడుకి దించుతుంది. మిగిలిన రెండు వోల్టులు లీనియర్‌ది దించుతుంది, దించుతూ ఆ కూతని కూడా మింగేస్తుంది. ఇలాగైతే వేడీ తక్కువే.

"సోళ్లు తిరగట్లో ఇసిరి జల్లెడ పట్టినట్టా?" అందావిడ.

"అంతే. రాగిపిండికి జరిగేదే వోల్టులకీ" అన్నాను.

ఈసారి ఏ కుయ్యీ లేకుండా హఠాత్తుగా "సచ్చినోడా!" అని పడింది. ముసలి కోతి పొత్తు వదిలేసి పరుగెత్తింది. ఇంటావిడ మళ్లీ సంచీ సర్దుకుని బస్సెక్కింది.

మర్నాడు ఆవిడ భర్త నా దగ్గరికి రహస్యంగా వచ్చాడు. "మేస్టారూ, ఆ కుయ్యి మల్లీ ఎట్టీండి. అదుంటే పెట్టేలే అనుకోని తొంగునీవోడిని. ఇప్పుడు తిట్టినప్పుడల్లా గుండె జారిపోతంది."

నా పనికి అంతకు మించిన మెప్పు దొరకదు. చచ్చినా పెట్టనన్నాను. పాపం, ఆయన మెలకువగా ఉండి చేను కాశాడు.

చేను దగ్గర సిగ్నల్ అందదు. కాన్పు కబురు ఆవిడే మోసుకురావాలి. ఆయన రోజూ దారివైపు చూసేవాడు, తిట్టు వినబడగానే వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి "లెగిశానే!" అనేవాడు.

ఒక ఉదయం నేను సోలార్ పలక తుడుస్తున్నాను. ఆయన మంచె మీద ఉన్నాడు. "సచ్చినోడా, లెగు!" అని వినబడింది. ఆయన మామూలుగా చెయ్యెత్తాడు. నేనూ పెట్టే అనుకున్నాను.

"ఆడగుంట పుట్టినాది! తాతవైనావు! ఏటలా కూకున్నావు?"

ఆ మాట పెట్టెలో లేదు.

ఆయన తిరిగి చూశాడు. నిచ్చెన తప్పి చేలో పడ్డాడు. కోతులు వదిలిన మొక్కల్ని విరగ్గొట్టుకుంటూ దారిదాకా పరుగెత్తాడు. మట్టికొట్టుకుపోయిన ఆ మనిషిని చూసి ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. తిట్టడం మర్చిపోయింది.

ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఆ మాట ఇంకోపాలి అనే" అన్నాడు. "ఇంకోపాలి అనే."