బెల్లంపల్లిలో పెట్టె చెక్కల మడి

నేను బెల్లంపల్లికి మొదటిసారి వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, మా అక్కను ఇంటికి తీసుకురావడానికి. అరవైల మొదట్లో సంగతి. కరీంనగర్ దగ్గర మానేరు ఒడ్డున మాది కూరగాయల తోట. అక్క పెరిగిందంతా ఆ మళ్ల మధ్యనే. పెళ్లయి బొగ్గుగని (మేం బొగ్గుబాయి అంటాం) క్వార్టర్లకు వెళ్లిన రెండేళ్లకే మనిషి మాటలు మానేసింది. కొన్నాళ్లు తీసుకుపొమ్మని బావ తెలిసినవాళ్లతో కబురు పంపాడు. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఇప్పుడొస్తే మళ్లీ కాపురానికి పోదేమోనని ఆమె భయం. నాకైతే బావ మీద ఒళ్లు మండిపోయింది.

పొద్దున ఆరింటికి పెద్దపల్లి బస్సెక్కాను. టికెట్టు రూపాయి లోపే. ఎక్కడికని అడిగిన కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "బొగ్గు ఊరికి తెల్లంగీ ఏసుకొని పోతున్నవ్, జర పైలం" అన్నాడు. పెద్దపల్లిలో ప్యాసింజర్ బండి గంటకు పైగా లేటు. ఆ ఖాళీలో స్టేషన్ బయట రెండు చాయ్‌లు తాగి, బావను ఏమేం అనాలో వరసగా అనుకున్నాను. రామగుండం దాటాక గోదావరి వంతెన వస్తుంది. కిటికీ పక్కన చోటు దొరికితే వదలకండి. మంచిర్యాల మీదుగా బెల్లంపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది, అంగీ బూడిద రంగుకు తిరిగింది.

అక్క నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు. అన్నం పెట్టింది. క్వార్టరు వెనక జానెడు స్థలం ఉంది కానీ, అదంతా బాయిలోంచి తీసిన రాళ్లూ బూడిదా పోసి చదును చేసిన నేల. మూడుసార్లు విత్తనాలు వేసిందట, ఒక్కటీ మొలవలేదట. ఆ మాట చెప్పి కంచం తీసుకుని లోపలికి పోయింది. ఇంతలో బావ షిఫ్టు దిగి, భుజం మీద చెక్కల మోపుతో వచ్చాడు. యంత్రాలు దిగిన పెద్ద పెట్టెలను విప్పి, ఆ చెక్కలను కంపెనీవాళ్లు అడిగినవాళ్లకు ఇచ్చేస్తున్నారట. ఇంటింటికీ బొగ్గున్న ఊళ్లో కట్టెల పొయ్యి ఎవరికి కావాలి? వారం రోజులుగా మోసి గోడవారన పేర్చాడు. "నేల మంచిగ లేకుంటే నేల మీద ఇంకో నేల పెడదాం బామ్మర్దీ. తీసుకపోయేముందు ఒక్కసారి కట్టి చూడనియ్యి" అన్నాడు. చాయ్ తాగుతూ కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, మోపు దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

మర్నాడు ఇద్దరం పనిలోకి దిగాం. బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు, అంటే కర్ర గుంజలు, నిలబెట్టడం బావ పని. ఆ చేత్తోనే మడి కట్టాడు. మోకాలెత్తున నాలుగు గోడలు, చెక్కకూ చెక్కకూ మధ్య చీమ దూరే సందు లేదు. దిమ్మెలన్నీ లోపలి వైపు నిలబెట్టాడు, పైన అడ్డకర్రలు బిగించాడు. ఏనుగెక్కినా కుంగదు. వాగు ఒండ్రు, పెంట ఎడ్లబండి మీద తెప్పించి నింపాం. అక్క గడపలో కూర్చొని చూస్తూనే ఉంది. బావ గర్వంగా కడవల కొద్దీ నీళ్లు పోశాడు. నీళ్లు పోయే దారి లేదు. మట్టి ఉబ్బింది, మేకులు కిర్రుమన్నాయి, ఒక పక్క గోడ ఊడి బురదంతా బావ కాళ్ల మీదికి వచ్చింది.

అక్క పకపకా నవ్వింది. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని. లేచి వచ్చి కొంగు బొడ్లో దోపింది.

"గిది బాయి అనుకున్నవా? మట్టి, కప్పు లెక్క మీదికెల్లి పడది, పక్కకు నూకుతది. గుంజలు బయట కొట్టాలె. నీళ్లు పోను సందులు ఇడువాలె."

చీకటి పడేదాకా మా ఇద్దరికీ చేతినిండా పని చెప్పింది, చీవాట్లు కూడా పెట్టింది. మృగశిర కార్తె కదా, బీర, గోరుచిక్కుడు విత్తనాలు తనే వేసింది. మర్నాడు బండి వేళకు అడిగాను, పోదామా అక్కా అని.

"ఇత్తనాలు ఏసినంక ఎట్ల వస్త తమ్మీ? నువ్వు పో. అవ్వకు చెప్పు, కాయలు కాసినంక తెస్తనని."

ఒంటరిగా తిరిగొచ్చిన నన్ను చూసి అవ్వ మొదట బెదిరింది, సంగతి విని సంతోషంతో ఏడ్చింది. అక్క అన్నట్టే వానాకాలం చివర్లో బీరకాయల సంచితో వచ్చింది. నాలుగు రోజులుండి, మడికి నీళ్లెవరు పోస్తారని బయల్దేరింది. తర్వాత చాలా ప్రయాణాలు చేశాను కానీ, పక్క సీటు ఖాళీగా తిరిగొచ్చినందుకు ఇంత సంతోషపడింది లేదు. బావకు ఆ రుణం నేనెప్పటికీ తీర్చలేను. ఒక్క సలహా: పాత పెట్టె చెక్కలతో మీరూ మడి కడితే గుంజలు బయటే కొట్టండి, చెక్కల మధ్య వేలు పట్టేంత సందు వదలండి. మీ ఇంట్లో ఎవరైనా మాటలు మానేసి కూర్చుంటే మాత్రం, మొదటిసారికి గుంజలు లోపలే కొట్టండి.