తమ్ముడి కంచరగాడిద

మా తమ్ముడు సైన్యంలో కంచరగాడిదలు తోలేవాడు. ఉక్కు ప్లాంటు ఊరు భిలాయిలో పుట్టినవాడికి ఆ పని ఎలా అబ్బిందో మాకెవరికీ తెలియదు. ఆ ఊళ్లోని కోహ్కా పేటలో మా ఇంట్లో పిల్లిని కూడా పెంచలేదు. మంచుకొండల మీది సైనిక చౌకీలకు బియ్యం, కిరోసిన్ ఒక ఆడ కంచరగాడిద వీపున వేసి, దాని పక్కనే నడిచేవాడు. ఫోన్ చేస్తే, "అప్పా" అని పిలిచే అక్కనైన నాకు తన సంగతి కన్నా దాని సంగతే ఎక్కువ చెప్పేవాడు. "మా ముసల్ది" అనేవాడు దాన్ని.

తరవాత ఆ కొండలకు బరువులు మోసే డ్రోన్లు వచ్చాయి. టీవీలో వాటిని చూపించినప్పుడు, ప్లాంటులో రిటైరైన మా నాన్న పక్కింటివాళ్లను కూడా పిలిచాడు. "ఒకప్పుడు అన్నీ బయట్నించి కొనుక్కునీవోళ్లం. ఇప్పుడు మనమే సేసి బయటోళ్లకి అమ్ముతన్నాం. ఏటనుకుంటన్నారు?" అని మురిసిపోయాడు.

ఆ వేసవిలోనే తమ్ముడు సెలవు మీద వచ్చాడు. జంతువుల్ని కింద డిపోకి పంపేశారని చెప్పాడు.

"బాధగా ఉందేట్రా?" అని అడిగాను.

"మంచిదే కదప్పా. నా తోటోడొకడు బరువుతో పాటు లోయలోకి జారిపోనాడు. ఇప్పుడెవడూ జారక్కర్లేదు."

నిజమే చెప్పాడు.

ఓ మధ్యాహ్నం అందరం భోజనాలు చేస్తుండగా డిపో నుంచి ఫోన్ వచ్చింది. "కబ్?" ఎప్పుడని హిందీలో ఒక్క మాట అడిగి తమ్ముడు పెట్టేశాడు.

"ఏటైందిరా నాన్నా?" అంది అమ్మ.

"మా ముసల్ది పోనాదమ్మా. మేత ముట్టడం మానేసినాదట."

ఎన్నడూ చూడని జంతువు కోసం మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాన్న టీవీ ఆపేశాడు. తమ్ముడు మాత్రం కంచంలో అన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, కుళాయి కట్టెయ్యకుండా అక్కడే నిలబడిపోయాడు. నేనే వెళ్లి కట్టేశాను. అప్పుడు ఏడ్చాడు. చిన్నప్పుడు కూడా వాడలా ఏడవడం నేను చూడలేదు.

ఉద్యోగం వదిలేస్తాడనుకున్నాం. వదల్లేదు. శిక్షణ తీసుకుని ఇప్పుడా డ్రోన్లే ఎగరేస్తున్నాడు. ఈమధ్య వీడియో కాల్‌లో ఒకదాన్ని చూపించాడు. నాన్న ఎన్నో ప్రశ్నలు వేశాడు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆయన లేచి వెళ్లాక నాతో అన్నాడు:

"దీనికి సలెయ్యదప్పా, ఆకలెయ్యదు. రేపు నా బదులు ఇంకోడొచ్చినా దీనికి తెలీదు."

"మరి నీకెలాగుందిరా?"

"సామాను తొందరగా సేరిపోతంది," అన్నాడు.

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. లైను సరిగ్గా లేదంటూ పెట్టేశాడు.