దమస్కులో నేను ముట్టని కాఫీ

నేను దమస్కు వెళ్లి అరబ్బీ చదువుతానంటే డుంబ్రిగుడ సంతలో నవ్వని మనిషి లేడు. మా మేనత్త చింతపండు అమ్ముతూ అందరికీ వినబడేలా అంది: "ఏటిరా గుంటడా, అరబ్బీ నేర్సుకొచ్చి ఎవుడితో మాటాడతావు? మన మేకలతోనా?" నాకు ఒళ్లు మండింది. "ఉండత్తా, తిరిగొచ్చి నిన్ను అరబ్బీలోనే తిడతాను" అని అరిచి, మిషన్ పాదిరిగారి వంటసామాను నెత్తిన పెట్టుకుని కొండ దిగాను. ఆయనకు అక్కడి చర్చికి బదిలీ అయింది. ఒరియా, తెలుగు, మా కొండభాష గడగడా మాట్లాడతానని, వంట చేస్తూ అరబ్బీ కూడా చదువుకోమని నన్ను వెంటబెట్టుకెళ్లారు.

దమస్కు అంటే నాకు అంతవరకు బైబిల్లో విన్న ఊరే. తీరా చూస్తే వీధి మలుపుల్లో అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచివాళ్ల సిపాయిలు, గాడిదల మధ్య నుంచి గంట కొట్టుకుంటూ పోయే ట్రాములు. పాత ఊళ్లో ఓ ఇరుకు సందులో మాకు అరబ్బీ చెప్పే గురువుగారి ఇల్లు. బయట మట్టిగోడ తప్ప ఏమీ కనబడదు. లోపల నారింజ చెట్లు, నడిమధ్య నీళ్ల తొట్టి. పొద్దున్నే చాప మీద కూర్చుని ఆయన పలికినట్టు మేం పలకాలి. ఈ కొండ నుంచి ఆ కొండకు కేకేసే గొంతు నాది. అయినా గొంతు అడుగు నుంచి రావలసిన అక్షరాల దగ్గరకొచ్చేసరికి పిల్లికూత వచ్చేది. తోటివాళ్లు నవ్వేవారు, నేను ఉరిమి చూసేవాణ్ణి. చలికాలం వెళ్లేసరికి గురువుగారి ఓపిక అయిపోయింది.

"నీకు ఈ భాష రాదు నాయనా. వయసు పాడుచేసుకోకు, మీ ఊరు వెళ్లిపో," అన్నారు.

పాదిరిగారు ఓడ సంగతి కనుక్కోవడం మొదలుపెట్టారు. గురువుగారిని ఒక్కసారి బతిమాలితే నీ సొమ్మేం పోతుందన్నారు. అడుక్కోవడం మా ఇంటా వంటా లేదన్నాను. అన్నానే గానీ మనసు మనసులో లేదు. సంతలో నవ్వుతారని కాదు. ఆ భాషంటే అప్పటికే నాకు ప్రాణం. సగం ఉడికిన అన్నం పొయ్యి మీంచి దించేసినట్టు ఉంది.

చెప్పకుండా పోవడం మర్యాద కాదని సెలవు తీసుకోవడానికి వెళ్లాను. ఇంట్లో గురువుగారి చుట్టాలు కొందరు కూర్చుని ఉన్నారు. నన్నూ కూర్చోబెట్టి, ఏలకులు వేసిన కాఫీ చిన్న గిన్నెలో పోసి ఇచ్చారు. మా కొండల్లో అప్పటికి కాఫీ అంటే దొరల బంగళాల్లో వచ్చే వాసన మాత్రమే. మాకు తెలిసింది అంబలి, జీలుగు కల్లు. ఏదైనా ఇంటి పెద్ద ఒక గుక్క తాగాకే చుట్టం ముట్టుకుంటాడు. గురువుగారి చేతిలో గిన్నె లేదు. అందుకని నాది కింద పెట్టి ఆయన కోసం ఆగాను.

అందరూ నన్నే చూస్తున్నారు.

"అడుగు. నా చేతనైతే ఇస్తాను," అన్నారు గురువుగారు మెల్లగా.

నాకేమీ బోధపడలేదు. పక్కనున్న ముసలాయన విడమరిచి చెప్పాడు. ఎడారి నుంచి వచ్చిన తమలాంటి కుటుంబాల్లో, చుట్టం కాఫీ తాగకుండా కింద పెడితే కోరిక తీరిస్తేనే తాగుతానని అర్థమట. కాదంటే ఆ ఇంటికి అప్రదిష్టట.

ఓరి నాయనో! సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఊఁ అంటే చాలు, చదువు దక్కుతుంది. కానీ అడుక్కున్నాననిపించుకుని దక్కించుకోవడమా? "నానేటీ అడగనేదు!" అని ముందు తెలుగులోనే అరిచేశాను. ఆ తర్వాత వచ్చీరాని అరబ్బీలో మా ఆచారం చెప్పాను. పెద్ద తాగందే చిన్న తాగడు. మీరింకా తాగలేదు. అంతే.

గుండె జబ్బని వైద్యుడు మాన్పించాక గురువుగారు కాఫీ ముట్టి ఏళ్లయిందని నాకప్పుడు తెలియదు. వంగి నా గిన్నె అందుకున్నారు. చుట్టాలు వద్దు వద్దంటుండగానే ఒక గుక్క తాగి, తిరిగి నా చేతిలో పెట్టారు. మైదానం ఊళ్లలో మా చేతి నీళ్లు కూడా ముట్టని పెద్దమనుషులను చూసినవాణ్ణి నేను.

"ఇంటి పెద్ద తాగాడు," అన్నారు. "ఇక నువ్వు తాగు. మా ఇంటి పిల్లవాడు మా భాష రాకుండా ఎట్లా పోతాడు? పొద్దున్నే రా."

కాఫీ కటిక చేదు. ఏడుస్తూనే తాగేశాను.