కుర్మయ్య కాడని ఊరంతా ఒట్టేసింది

తొండుపల్లిలో కుర్మయ్యను కుర్మయ్య అని పిలవడం మానేసి నెల దాటింది. పిలవాల్సి వస్తే "ఓ అన్నా" అంటున్నారు. దూరంగా ఉంటే చప్పట్లు కొడుతున్నారు. కోపం ఎవరికీ లేదు. చాయ్ తాగించేవాళ్ళు తాగిస్తూనే ఉన్నారు. పేరు మాత్రం నోట రానివ్వడం లేదు.

ఇందుకు కారణం ఒక సినిమా.

కుర్మయ్య పుట్టింది ఈ ఊళ్ళోనే. తండ్రి బోనాల పండగకు పోతరాజు, అంటే అమ్మవారి తమ్ముడు. ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ పోచమ్మ బోనాల ముందు నడిచేవాడు. ఆయన పోయాక కొరడా కుర్మయ్య చేతికి వచ్చింది. ఉన్న కాస్త పొలం విమానాశ్రయం కిందికి పోయింది. కుర్మయ్య అదే విమానాశ్రయంలో పనికి కుదిరాడు. ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను పోగుచేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, పొడవాటి వరుసను నెట్టుకొస్తాడు. తన జొన్నచేను ఇప్పుడు ఏ తలుపు దగ్గర ఉన్నట్టో మొదట్లో ఆలోచించేవాడు. తర్వాత మానేశాడు. ఏడాదికి ఒక్కరోజు పోతరాజు, మిగతా రోజులు ట్రాలీలు. ఆ ఒక్కరోజు ఉంది కాబట్టే మిగతావి గడుస్తున్నాయని అతని నమ్మకం.

ట్రాలీలు నెడుతుండగానే ఒక దర్శకుడు అతని ముఖం చూశాడు. ఆయన తీసేది నిజాం కాలం నాటి కథ. కరువులో ఊరు వదిలిన మనిషి ఏళ్ళ తర్వాత తిరిగివస్తాడు. వచ్చినవాడు అతనేనా, కాదా అని ఊరు తగువులాడుతుంది. నటులు వద్దు, అసలైన ఊరివాళ్ళే కావాలన్నాడు దర్శకుడు. తిరిగొచ్చినవాడి వేషం కుర్మయ్యకు ఇచ్చాడు.

"పేరు కూడా మార్చవద్దండీ. కుర్మయ్య అనే ఉంచేద్దాం. జనం నోట సహజంగా వస్తుంది," అన్నాడు.

జనాన్ని పోగుచేసే పని ఉపేందర్ తీసుకున్నాడు. అతను ఊళ్ళో పెళ్ళిళ్ళకు టెంట్లు వేస్తాడు. గుడి కోసం సెట్టు వేయడం దేనికని పోచమ్మ గుడినే చూపించాడు. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ రోజు తీసింది ఒట్టు సీను. తడిబట్టలతో అమ్మవారి ముందు నిలబడి ఊరంతా "వీడు మా కుర్మయ్య కాడు" అనాలి. అన్నారు. సగంలో ఉండగా నెత్తి మీదుగా విమానం పోయింది.

"నిజాం కాలంలో ఇన్ని విమానాలేమిటండీ!" అని దర్శకుడు చెవులు మూసుకున్నాడు.

బట్టలు ఆరిపోయాయి. బోరు పైపుతో మళ్ళీ తడిపారు. ఊరు మళ్ళీ ఒట్టేసింది. విమానం మళ్ళీ వచ్చింది. పొద్దు వాలేదాకా ఇదే పని. వెనక వరుస పల్చగా కనబడుతోందని చివర్లో కుర్మయ్యకే గొంగడి కప్పి అక్కడ నిలబెట్టారు. అతను కూడా తడిసి, చెయ్యెత్తి, వీడు మా కుర్మయ్య కాడన్నాడు. విమానం రాలేదు. సీను అయిపోయింది.

మర్నాడు ఊరి పెద్ద అనంతయ్యకు జ్వరం వచ్చింది. రోజంతా తడిబట్టల్లో నిలబడ్డ ముసలివాడికి జ్వరం రావడం వింత కాదు. కానీ ఆయన పొద్దున్నే "కుర్మయ్యా, ఎటు పోతున్నవ్?" అని నోరు జారాడు. జ్వరం ఆ తర్వాతే వచ్చింది. ఒట్టు తప్పినందుకేనని ఊరు తేల్చుకుంది.

కుర్మయ్య చూడటానికి వెళితే ఆయన దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"అది సిన్మా కదనే బాపు!"

"సిన్మా మనకు. తల్లికేం ఎరుక? నీళ్ళు నిజం, గుడి నిజం, ఒట్టు నిజం. ఇగ అబద్ధం ఏడుంది?"

"మరి నేనెవర్ని?"

"గది మమ్మల్నడిగితే ఎట్ల?"

"నేనే చెప్తున్న, కుర్మయ్యనే."

"గొంగడి కప్పుకొని నువ్వు గూడ ఒట్టేసినవ్ కదరా. ఇగ నీ మాట చెల్లదు."

సినిమా కథలో చివరికి ఊరు తన ఒట్టును వెనక్కి తీసుకుంటుంది. ఆ సీను తీస్తే గొడవ తీరిపోతుందని ఉపేందర్ దర్శకుడికి ఫోన్ చేశాడు. ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ముగింపు మార్చిండంట అన్నా. వచ్చినోడు కుర్మయ్యనో కాదో చెప్పడంట. జూసేటోళ్ళకే ఇడిసిపెడ్తడంట. గదే మంచిగుందని అందరంటున్నరంట."

ఆ రోజుల్లో కుర్మయ్యకు మిగిలిన సుఖం విమానాశ్రయం గేటు ఒక్కటే. అక్కడ కాపలావాడు మెడలోని కార్డును, ముఖాన్ని మార్చి మార్చి చూసి "కుర్మయ్య?" అనేవాడు. "అవును సార్" అనేవాడు కుర్మయ్య. ఒకనాడు లోపలికి పోయినవాడు ఏదో మరిచినట్టు బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయాడు. కాపలావాడు మళ్ళీ అడిగాడు.

బోనాలు దగ్గరపడ్డాయి. కుర్మయ్య కాదన్నవాడికి కొరడా ఇవ్వలేరు, పోతరాజు మాత్రం ఆ ఇంటివాడే కావాలి కాబట్టి మామిడిపల్లి నుంచి చిన్నాన్న కొడుకు బిక్షంను పిలిపించారు. బిక్షం బొజ్జ మనిషి. కొరడా తిప్పితే అది తనకే తగిలేది.

పండగనాడు కుర్మయ్య పని నుంచి నేరుగా వచ్చి, ట్రాలీల యూనిఫారంలోనే జనం చివర నిలబడ్డాడు. పక్కన భార్య సక్కుబాయి ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె మొగుడి పేరు పలికి ఎరుగదు. "మంజుల నాయిన" అంటుంది. రేషన్ దుకాణంలో అడిగినా పక్కామెను మోచేత్తో పొడిచి చెప్పిస్తుంది.

డప్పులు మోగాయి. రేణుకమ్మకు శిగమొచ్చింది. ఏటా ఆమె ఒంటి మీదికే అమ్మవారు వస్తుంది. జుట్టు విరబోసుకుని ఊగుతూ బిక్షంను ఎగాదిగా చూసింది.

"గీడెవడురా? నా ముంగట నడిచే నా తమ్ముడు కుర్మయ్య ఏడి?"

అందరూ ఒట్టేసినవాళ్ళే. కుర్మయ్య పెదవులు కదిలాయి. గొంగడి గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఒట్టు వెయ్యనిది ఊరు మొత్తంలో సక్కుబాయి ఒక్కతే. ఆ రోజు ఆమె కూతురి కాన్పుకని ఆరాంఘర్ దగ్గర దవాఖానలో ఉంది.

"గీడనే ఉన్నడు తల్లీ," అంది ముందుకొచ్చి. "నా పెనిమిటి."

"పేరు చెప్పు బిడ్డా."

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసింది. చెప్పింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది.

డప్పులు ఆగాయి. షూటింగులో అలవాటైనట్టు ఊరంతా తలలెత్తి విమానం పోయేదాకా కదలకుండా నిలబడింది. ఊగుతున్న రేణుకమ్మ కూడా ఆగింది.

"ఇనవడలే అక్కా, ఇంకోసారి!" అరిచాడు ఉపేందర్.

రెండోసారి చెప్పింది. అది పక్కవాళ్ళకే వినిపించింది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా," అన్నాడు అనంతయ్య. "తల్లికి ఇనవడ్డది. మాకు ఇనవడాలె."

సక్కుబాయికి ఒళ్ళు మండింది. "కుర్మయ్య! కుర్మయ్య! గీయన కుర్మయ్యనే! సాలునా మీకు?"

రేణుకమ్మ గుప్పెడు పసుపు తీసి కుర్మయ్య యూనిఫారం మీద కొట్టింది. బిక్షం కొరడా అతని చేతిలో పెట్టి నీడకు పోయి కూర్చున్నాడు. ఎవరో వేపమండలు చుట్టారు. కార్డు మెడలో వేలాడుతుండగానే పోతరాజు కదిలాడు. బోనాలు వెనక నడిచాయి.

అయినా ఊరి ఒట్టు ఊరిదే. "ఆమె మాట ఆమెది, మాది మాది," అన్నాడు అనంతయ్య. "ఓ అన్నా" అనే పిలుస్తున్నారు.

మర్నాడు కుర్మయ్య పనికి బయలుదేరి వీధి మలుపు దాకా వెళ్ళాడు. వెనక నుంచి సక్కుబాయి గొంతు వినిపించింది.

"కుర్మయ్యా! సద్ది మరిచినవ్!"

అతను విననట్టు ఇంకాస్త ముందుకు నడిచాడు. ఆమె మళ్ళీ పిలిచింది.