గ్యాస్ ఎవరు తేవాలి?

మా హెస్పర్ ట్రెజైస్ ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒక్క తూటా పేల్చకుండా త్రివిధ దళాలనూ లొంగదీసింది. సరే, దళాలంటే మరీ ఎక్కువైంది. ముగ్గురు అధికారులు. లొంగడమంటే చేతులెత్తడం కాదు, సంతకం పెట్టడం. మిగతాదంతా నిజం, నాకు చదువు చెప్పిన కాన్వెంట్ సిస్టర్ల మీద ఒట్టు.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ పక్కన సాలిస్‌బరీలో, రక్షణశాఖ ఆఫీసులో, పదిహేనేళ్లు నా బల్ల ఆమె బల్ల పక్కనే. ఆమె ఓడలు కట్టలేదు, విమానాలు చేయలేదు. ఓడకు కనబడింది విమానానికి, విమానానికి కనబడింది నేలమీది క్షిపణికి ఎలా తెలియాలో, ఎవరు ఎవరికి ముందు చెప్పాలో గీసేది. ఏడేళ్లు గీస్తే ఆ పటం గోడంతా పట్టింది. ఆ సాయంత్రానికి మూడు దళాలూ ఒప్పుకోకపోతే దాన్ని అటకెక్కించి, ఆమె దగ్గర పనిచేసే పదకొండు మందినీ తలో దిక్కుకూ పంపేస్తామని పైవాళ్లు కబురు పెట్టారు.

వచ్చిన ముగ్గురిదీ ఒకే పాట. "మా పద్ధతి బ్రహ్మాండంగా ఉంది, హెస్పర్. మార్చుకోవాల్సింది వాళ్లే."

"పోనీ, ముందు తినండి," అంది. ఆఫీసు వెనక ఆరుబయట కాల్చుకు తినే బార్బెక్యూ పొయ్యి ఉంది. తలా ఒకటి తెమ్మని ముందే చెప్పింది. ఎవరేం తేవాలో మాత్రం చెప్పలేదు.

నౌకాదళం పాస్కో కాల్చుకునే మాంసం సాసేజ్‌లు తెచ్చాడు. సైన్యం నుంచి వచ్చిన లిండ్నర్ కూడా సాసేజ్‌లే తెచ్చింది. వైమానిక దళం ట్రాన్ తెచ్చినవీ అవే. రొట్టె లేదు. పొయ్యికి గ్యాసే లేదు.

"గ్యాస్ నువ్వు తెస్తావనుకున్నా," అన్నాడు పాస్కో.

"నేనెందుకు తెస్తాను?" అంది లిండ్నర్.

"మా సాసేజ్‌లు మాత్రం ఫస్ట్‌క్లాస్," అన్నాడు ట్రాన్.

"అయితే పచ్చివే నమిలెయ్!" అంది లిండ్నర్.

హెస్పర్ తాపీగా అడిగింది. "మీలో ఎవరైనా ఎవరినైనా అడిగారా?"

ముగ్గురూ అడ్డంగా తలూపారు.

"ఏడేళ్లుగా నా పటం మొత్తుకుంటున్నది ఇదే. ఒకే శత్రు విమానం మీద ముగ్గురూ గురిపెడతారు. పక్కనించి ఇంకోటి వస్తుంటే, వాళ్లు చూసుకుంటార్లే అని ముగ్గురూ ఊరుకుంటారు."

పాస్కో పకపకా నవ్వి సంతకం పెట్టాడు. లిండ్నర్ పెన్ను లాక్కుంది. ట్రాన్ మాత్రం ముందు తిండి అన్నాడు. హెస్పర్ తన కారు డిక్కీ తెరిచి, నిండు సిలిండర్ చూపించి, మళ్లీ మూసేసింది. అతనూ సంతకం పెట్టాడు.

ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను.

"సిగ్గులేని ముసలాడా," అంది. "ఆ రోజు నలభై మూడు డిగ్రీల ఎండ. కార్చిచ్చు భయంతో జిల్లా మొత్తం నిప్పు ముట్టించడం నిషేధం. బార్బెక్యూ జరగనే లేదు. వాళ్లు పటం చదివారు, నచ్చింది, సంతకం పెట్టారు. అసలు నేను మాంసమే తినను."